ఆకాశానికి పోయిన యాభై ఏడు కిలోలు

ఎర్రకొత్తపల్లెలో బోరు మోటార్లు రిపేరు చేసే రెడ్డెప్ప ఈ లోకంలో చాలామందిని తిడతాడు గానీ, పొద్దున లేచి పళ్లు తోమకముందే తిట్టేది మాత్రం ఒక్క దామోదరాన్నే. దామోదరం ఆయన బామ్మర్ది, భార్య గంగులమ్మకు సొంత తమ్ముడు. వాడు దొంగతనం చేయలేదు, దోపిడీ చేయలేదు. అడక్కుండా, చెప్పకుండా, మంచి జరుగుతుందని నమ్మి బావ పేరును ఒక ప్రభుత్వ పథకంలో రాయించాడు. దొంగయితే ఒకసారి వచ్చి పోతాడు. పథకం ఇంట్లోకొచ్చి చాప పరుచుకుని కూర్చుంటుంది.

ఏడో తరగతి మధ్యలో బడి మానేసి మోటారు షెడ్డులో చేరినవాడు రెడ్డెప్ప. ఇప్పుడు యాభై రెండేళ్లు. అన్నదమ్ముల భాగాల్లో పొలమంతా పెద్దవాళ్లకు పోయి, ఈయన వంతుకు పాత మిద్దె ఇల్లు, దాని వెనకాల అయిదు సెంట్ల పెరడు వచ్చాయి. అందులో ఒక మూల చిన్న బోరు, మిగతా అంతా టమాటా చెట్లు. సొంత మన్ను అని ఆయన కాలు పెట్టగలిగిన చోటు ఈ భూమ్మీద అదొక్కటే. సాయంత్రం షెడ్డు మూసి వచ్చి, చేతులకున్న గ్రీజు కడుక్కుని, చెట్ల మధ్య కాసేపు నిలబడకపోతే ఆయనకు అన్నం దిగదు.

ఎండాకాలంలో టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన గుట్టలు పోసే రోజుల్లో గంగులమ్మ పెరటి కాయలను ఒరుగులు పెడుతుంది. కాయలు కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, నాలుగు చెక్కలుగా కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద ఉతికిన పాత పంచె పరిచి, కోసిన వైపు పైకి పెట్టి ఎండేస్తుంది. ఈగలు వాలకుండా పైన దోమతెర. మంచు పడకుండా సాయంత్రానికల్లా లోపలికి. మొదటిరోజు ముక్కలన్నీ నీళ్లు కక్కుతాయి. మూడోరోజుకు తోలులాగా ముడుచుకుంటాయి. అయిదోరోజు విరిస్తే టప్పుమనాలి. అప్పుడు జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టేస్తే మళ్లీ ఎండాకాలం దాకా చెడవు. వానలు పట్టి కిలో నూరు రూపాయలు పలికే రోజున పప్పులో నాలుగు ముక్కలు వేసి, పక్కింటివాళ్లకు వాసన తగిలేట్టు వంటింటి కిటికీ తెరుస్తుంది. ఈ మొత్తం పనిలో రెడ్డెప్ప వంతు కాకుల్ని తోలడం. అన్నిటికంటే కష్టమైనది అదేనని ఆయన అభిప్రాయం.

ఇట్లా ఇరవై ఆరేళ్లు ఎవరి అనుమతీ లేకుండా టమాటాలు ఎండాయి.

ఇరవై ఏడో ఏడు, రాజధానిలో ఎవరో పెద్దాయన ఎండు టమాటా ముక్క ఒకటి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇది ఉద్యమం కావాలి" అన్నాడట. కళ్లు తెరిచేలోపల గృహ శుష్కీకరణ ప్రోత్సాహక మండలి ఏర్పడింది. 'ఎండబెడదాం – ఎదుగుదాం' అని గోడల మీద రాశారు. బడిపిల్లల చేత తడి మీద పోరాడతామని ప్రతిజ్ఞ చేయించారు. ఊరికొక శుష్కీకరణ మిత్రను నియమించారు. ఎర్రకొత్తపల్లెకు ఆ మిత్ర దామోదరం. వాడికి ఎర్ర టోపీ ఒకటి, సంచి ఒకటి ఇచ్చి, ఇరవై ఇళ్లను చేర్పించమన్నారు. పంతొమ్మిది ఇళ్లు దొరికాయి. ఇరవయ్యోది అక్క ఇల్లు.

దామోదరం ఎర్ర టోపీతో వచ్చేసరికి రెడ్డెప్ప మిద్దె మీద కాకుల కాపలాలో ఉన్నాడు. ఆ ఏటి కాయలు ఆ పొద్దే కోసి పరిచారు.

"బావా, నీ పేరు ఎక్కించేసినా. ఇదిగో నీ పాసుబుక్కు."

"దేనికిరా?"

"ఒరుగులకు. ఇంగ మీరు ఉత్తగ ఎండబెట్టేవాళ్లు కాదు. లబ్ధిదారులు."

"లబ్ధి ఏముండాది దాంట్లో?"

"ఒక జాడీ ఇస్తారంట."

"జాడీ ఉంది గదరా మా ఇంట్లో."

"అది నీ జాడీ బావా. ఇది సర్కారు జాడీ. దానికి ముద్ర ఉంటాది." దామోదరం పెన్ను మూత తీశాడు. "ఎండబెట్టుటకు ముందు బరువు. ఎన్ని బాక్సులు పోసినారు?"

"నాలుగు," అన్నాడు రెడ్డెప్ప.

పోసింది మూడు.

ఇది అబద్ధమని రెడ్డెప్పకు అనిపించలేదు. ఆ ప్రాంతంలో టమాటా మండీకి సరుకు తోలేవాడెవడూ ఉన్నది ఉన్నట్టు చెప్పడు. కొనేవాడు తరుగు కింద ఎట్లాగూ కొంత కొట్టేస్తాడు కాబట్టి, అమ్మేవాడు ముందే ఒక బాక్సు కలిపి చెబుతాడు. కలిపాడని కొనేవాడికి తెలుసు, కాబట్టి ఒకటి కొట్టేస్తాడు. ఇద్దరూ నిజం దగ్గరికి చేరుకుని బీడీ ముట్టించుకుంటారు. కుర్రతనంలో రెండేళ్లు మండీలో బాక్సులు మోసిన రెడ్డెప్ప నోటికి అదే అలవాటు. ఎదుటివాడు ఒకటి కొట్టేస్తాడని ఎదురుచూశాడు.

దామోదరం కొట్టలేదు. సర్కారు పెన్ను చేతిలో ఉంది కదా. "బాక్సుకు పదైదు కిలోలు. నాలుగు పదైదులు అరవై," అంటూ అరవై అని రాసి, కింద గీత గీసి, బావ చేత సంతకం పెట్టించాడు.

*

వారం తర్వాత మండలి జీపు వచ్చింది. దాంట్లోంచి క్షేత్రస్థాయి శుష్కతా పరిశీలనాధికారి పద్మనాభం దిగాడు. ఆయన మాట్లాడితే ఏదో ఫైలు చదివి వినిపిస్తున్నట్టు ఉంటుంది. నీళ్లు కావాలన్నా "తాగునీటి ఆవశ్యకత ఏర్పడినది" అంటాడు. ఒరుగులను కరెంటు తక్కెడలో పోయించి, కళ్లజోడు సర్దుకుని, అంకె చూసి, మళ్లీ పోయించాడు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

"లబ్ధిదారుడు ఎవరు?"

"నేనే సార్, రెడ్డెప్ప."

"ప్రవేశ పరిమాణం అరవై కిలోలు. నిర్గమ పరిమాణం రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. వ్యత్యాసం యాభై ఏడు కిలోల రెండు వందల గ్రాములు. సదరు వ్యత్యాసం ప్రస్తుతం ఎక్కడ ఉన్నది?"

"ఎండిపోయింది సార్."

"ఎండిపోవుట అనునది స్థితి. నేను అడిగినది స్థలం."

రెడ్డెప్ప వేలు పైకెత్తి చూపించాడు. "పైకి పోయింది సార్."

పద్మనాభం తల పైకెత్తి చూసి, రాసుకున్నాడు. "పైకి అనగా ఏ కార్యాలయమునకు?"

గంగులమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "ఆకాశానికి సామీ! ఎండలో పెడితే తడి ఆవిరైపోదా? మీ ఇంట్లో గుడ్డలు ఆరేసేది లేదా?"

"అమ్మా, మా ఇంటి గుడ్డలు పథకం పరిధిలోకి రావు."

"మీ ఇంటావిడను అడగండి సామీ, ఒకసారి."

"మా ఇంటావిడ సైతం పరిధిలోకి రారు."

ఒరుగులు పోసిన జాడీకి లక్క ముద్ర వేయించి పద్మనాభం వెళ్లిపోయాడు. మూడోరోజు నోటీసు వచ్చింది. 'తమ ఆధీనములో ఉన్న యాభై ఏడు కిలోల రెండు వందల గ్రాముల పదార్థము తమ మిద్దెపై నుండి అదృశ్యమైనట్లు తనిఖీలో వెల్లడైనందున, సదరు పదార్థమును పదిహేను రోజుల్లోగా హాజరుపరచవలెను, లేదా అది ఏ పదార్థమో, ఎచ్చటికి, ఎవరి అనుమతితో వెళ్లినదో లిఖితపూర్వకముగా తెలుపవలెను. లేనియెడల టమాటాలు పండిన భూమిపై తగు చర్య తీసుకొనబడును.'

చివరి వాక్యం దగ్గర రెడ్డెప్ప చూపు ఆగిపోయింది. మోటారు కాలిపోయినప్పుడు వచ్చే వాసన ఏదో ముక్కుకు తగిలినట్టయింది. గబగబా పెరట్లోకి పోయి చెట్లన్నీ ఉన్నాయో లేదో చూసి వచ్చాడు.

"రేయ్ దామోదరం! నా పెరడు ఊసు దీంట్లో ఎందుకొచ్చిందిరా?"

"అది మామూలుగా రాస్తారులే బావా. అందరికీ రాస్తారు. నువ్వు బయపడొద్దు. ఆ పోయింది నీళ్లని రాసెయ్యి. నీళ్లంటే ఎవురడుగుతారు?"

రెడ్డెప్ప నీళ్లని రాశాడు. తన చేత్తో, వంకర అక్షరాలతో, 'అయ్యా అవి నీళ్లు' అని.

నీళ్లనేసరికి ఫైలు మండలి నుంచి జలాంశ పరిరక్షణ విభాగానికి పోయింది.

*

ఆ విభాగం నుంచి వచ్చిన అధికారిణి పేరు విశాలాక్షి. చాలా మెత్తటి మనిషి. కుర్చీ వేస్తే కూర్చుంది, మజ్జిగ ఇస్తే తాగింది, గంగులమ్మ ఆరోగ్యం అడిగింది. రెడ్డెప్పకు ప్రాణం లేచి వచ్చింది.

"చూడండి రెడ్డెప్ప గారూ," అంది విశాలాక్షి. "మీరు బోరు వేసి నీరు తోడారు. చెట్టుకు పోశారు. చెట్టు దాన్ని కాయలో పెట్టింది. అంతవరకు చెట్టు ప్రవర్తనలో మాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే నీరు జిల్లాలోనే ఉంది."

"ఉంది మేడం."

"తర్వాత మీరు ఆ కాయను కోశారు. ఉప్పు చల్లారు. ఉప్పు చల్లితే నీరు బయటికి వస్తుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు మేడం. దానికే గదా చల్లేది."

"ఉద్దేశపూర్వకం," అని విశాలాక్షి మెత్తగా పలుకుతూ రాసుకుంది. "ఎండబెట్టిన అయిదు రోజులూ గాలి ఎటు వీచింది?"

ఈ ప్రశ్నలో ప్రమాదం ఉందని రెడ్డెప్పకు తెలియలేదు. దోమతెర ఎటు ఎగిరిందో గుర్తు తెచ్చుకుని, చేయి చాపి చూపించాడు. "పడమటికి మేడం."

విశాలాక్షి పెన్ను ఆగిపోయింది. పడమట ఇరవై రెండు కిలోమీటర్లు పోతే పక్క రాష్ట్రం.

"అంటే యాభై ఏడు లీటర్ల రెండు వందల మిల్లీలీటర్ల భూగర్భ జలాన్ని, ఏ ఒప్పందమూ లేకుండా, ఆకాశమార్గాన పక్క రాష్ట్రానికి విడుదల చేశారు."

"మేడం, నేను టమేటాలు ఎండబెట్టినాను."

"ఆనకట్టలు కట్టినవాళ్లు కూడా ఇట్లాగే తేలిగ్గా చెబుతారండీ," అని ఆమె నొచ్చుకుంది.

దామోదరం టోపీ చేత్తో పట్టుకుని గోడకు అతుక్కుపోయాడు. ఆమె వెళుతూ వెళుతూ పెరడు గేటు దగ్గర ఆగి, టేపుతో కొలిపించి, "మంచి స్థలం" అంది. ఆ రెండు మాటలకు రెడ్డెప్పకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

*

తెల్లారి గంగులమ్మ కాఫీ లోటా చేతిలో పెట్టి అసలు సంగతి తీసింది.

"పోసింది మూడు బాక్సులు గదా. నాలుగని ఎందుకు చెప్పినావు?"

"నీ తమ్ముడు ఒకటి కొట్టేస్తాడనుకున్నా."

"వాడేమన్నా మండీలో యాపారమా? వాడికి ఆకలి తప్ప ఇంకేం తెలుసు? పో, పొయ్యి ఒక బాక్సు అబద్దమని చెప్పి రా. పదైదు లీటర్లన్నా తగ్గుతాది. నేల జోలికి రాకుండా పోతారేమో."

రెడ్డెప్ప ఉతికిన చొక్కా తొడుక్కుని మండలి ఆఫీసుకు పోయి, పద్మనాభం ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసులో నిజం చెప్పాడు.

పద్మనాభం పాసుబుక్కు తీసి, సంతకం చూసి, రెడ్డెప్పను చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అనగా ప్రభుత్వ రికార్డులో ఉన్న పదిహేను కిలోల టమాటాలు వాస్తవములో లేవని తమరి అభియోగం."

"అభియోగం కాదు సార్. తప్పు నాదే. లేని బాక్సు చెప్పినాను."

"రికార్డులో ఉన్న వస్తువును లేదనుటకు ప్రత్యేక కాలమ్ ఉండవలెను. ఆ కాలమ్ అచ్చు కాలేదు. హెచ్చించుటకు మాత్రమే అచ్చయినది. తమరు కోరినచో ఆరు బాక్సులు చేయగలను."

"వద్దు సార్!"

"రెండవది. లేని టమాటాలు అంటున్నారు. అవి ఏ చెట్టుకు కాయలేదు?"

రెడ్డెప్ప పెరటి చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఆ చెట్టుకు నీరు పోశారా?"

"అన్ని చెట్లకూ పోసినాను సార్."

"అనగా కాయని టమాటాలకు సైతం నీరు పోశారు. ఆ నీరు కాయలోకి రాలేదు, ఆకాశానికీ పోలేదు. అది మూడవ మార్గం. దానికి వేరొక ఫైలు తెరవవలసి ఉండును. తెరవమంటారా?"

"వద్దు సార్. నాలుగు బాక్సులే. కడుపు నిండా నాలుగు బాక్సులు," అని రెడ్డెప్ప దండం పెట్టి బయటికొచ్చాడు.

*

రెండు శాఖలూ కలిసి ఒక సంయుక్త కమిటీ వేశాయి. నీరు నిజంగా ఆకాశానికి పోయిందా లేదా అన్నది ప్రత్యక్షంగా తేల్చాలి. రెడ్డెప్ప పెరట్లోవే రెండు బాక్సుల కాయలు, ఆయన మిద్దె మీదే, పద్నాలుగు మంది సభ్యుల సమక్షంలో ఎండాలి. దీన్ని పర్యవేక్షిత శుష్కీకరణ అన్నారు. పైకి పోయే ఆవిరిని పట్టుకోవడానికి ముక్కల మీద మంచం అంత ఎత్తున ప్లాస్టిక్ పట్ట గట్టిగా బిగించి, వాలుకు ఒక గొట్టం పెట్టి, గొట్టం కింద బకెట్ పెట్టారు. సభ్యులకు వడదెబ్బ తగలకుండా షామియానా వేశారు. షామియానా నీడ సరిగ్గా టమాటాల మీద పడింది.

గంగులమ్మ కొంగు నడుముకు చెక్కుకుని మిద్దె ఎక్కింది. "సామీ, నీడ పడతా ఉండాది. ఇట్లయితే ఎండవు."

"అమ్మా, నీడ కమిటీ సభ్యులకు మంజూరైనది," అన్నాడు పద్మనాభం.

"పట్టన్నా తీసేయండి. గాలి తగలకపోతే బూజు పడతాది."

"గాలి ఈ కేసులో ముద్దాయి. దానిని లోపలికి అనుమతించలేము."

"అయితే మీరు ఎండబెట్టే వాటిని ఒరుగులనరు సామీ. ఊరగాయ అంటారు. అది గూడా పాడయిన ఊరగాయ."

మొదటిరోజు ముక్కలు చెమట పట్టాయి. రెండోరోజు పట్టకు లోపలివైపు బొట్లు పేరుకున్నాయి. సభ్యులు ఒకరి తర్వాత ఒకరు వంగి చూసి, బొట్లను లెక్కపెట్టి, లెక్క కుదరక ఉప్మా తిన్నారు. మూడోరోజు వాసన మొదలైంది. నాలుగోరోజు ముక్కల మీద తెల్లటి బూజు దూదిలాగా లేచింది. అయిదోరోజుకు ఊళ్లోని ఈగలన్నీ మిద్దె మీదే. బకెట్లో మాత్రం ఒక చెంబెడు నీళ్లు చేరాయి. ఈ మొత్తం వ్యవహారానికి దొరికిన సాక్ష్యం అదొక్కటే. కమిటీ సభ్యుడొకాయన ఉప్మా తిని వచ్చి, సంగతి తెలియక దాంట్లో చేతులు కడిగేశాడు.

కమిటీ నివేదిక ఎనభై పేజీలు. సారాంశం దామోదరం చదివి వినిపించాడు. 'పర్యవేక్షణలో ఉంచిన టమాటాల నుండి నీరు ఆవిరి కాలేదు. కావున ఆవిరి అగుట అనునది పర్యవేక్షణ లేని చోట మాత్రమే జరుగు చర్య. లబ్ధిదారుని నిర్లక్ష్యము ఇందుమూలముగా రుజువైనది.'

"అంటే?" అన్నాడు రెడ్డెప్ప.

"అంటే, నువ్వు సరిగ్గా చూస్తా కూర్చొని ఉంటే నీళ్లు పొయ్యేవి కావంట బావా."

"కాకులు వస్తాయని పొద్దస్తమానం చూస్తా కూర్చొన్నా గదరా!"

"నువ్వు కాకుల్ని చూసినావు. నీళ్లని చూడలేదు," అన్నాడు దామోదరం జాలిగా. వాడి మాటల్లో కూడా మండలి వాసన పట్టింది.

*

శిక్ష మాత్రం దయతో వేశారు. జరిమానా లేదు, జైలు లేదు. పోయిన నీటిని భూమికి తిరిగి అప్పగిస్తే చాలు. యాభై ఏడు లీటర్ల రెండు వందల మిల్లీలీటర్లు. నాలుగు బిందెలు, కొంచెం అటూ ఇటూగా.

రెడ్డెప్పకు నవ్వొచ్చింది. ఆ నెలలో అదే మొదటి నవ్వు. "ఇంతేనా మేడం? ఇప్పుడే పోసేస్తా. బిందె తేమేయ్ గంగులూ!"

"అట్లా పోయకూడదండీ," అంది విశాలాక్షి. "జల పునరర్పణ గుంట ద్వారానే పోయాలి. గుంట మీ పెరట్లో తవ్విస్తాం. ఖర్చంతా ప్రభుత్వానిదే."

"ఎంత గుంట మేడం?"

ఆమె పటం విప్పింది. పటం విప్పడానికే పెరట్లో సగం కావలసి వచ్చింది. విభాగంలో మంజూరైన నమూనా ఒక్కటే ఉంది. అరవై వేల లీటర్లది. దానికంటే చిన్న గుంటకు అంచనా వేసే పద్ధతి లేదు. గుంట, గుంట చుట్టూ గట్టు, గట్టు చుట్టూ కంచె, కంచె చుట్టూ తనిఖీ బృందం నడిచే బాట. మొత్తం రెండు వందల ముప్పై గజాలు.

"మేడం, నాలుగు బిందెల నీళ్లకు ఇంత గుంట దేనికి?"

"మీ నీళ్లు చిన్నవే, కాదనను. గుంట మాత్రం నమూనా ప్రకారం ఉండాలి కదండీ."

"నా చెట్లు?"

"చెట్లకు కూడా నీరే కదా కావాలి. ఇది నీటి పథకమే," అని ఆమె ఓదార్చింది.

జేసీబీ వచ్చిన పొద్దు రెడ్డెప్ప షెడ్డు తీయలేదు. పెరటి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. పద్మనాభం ఒక కాగితం చూపించాడు. అది పాసుబుక్కులోని కాగితం. కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, 'లబ్ధి నిమిత్తము అవసరమైన స్థలమును లబ్ధిదారుడు సంతోషముతో ఇచ్చును' అని ఉంది. దాని కింద రెడ్డెప్ప సంతకం.

"సంతోషముతో అని ఉన్నది," అన్నాడు పద్మనాభం. "తమరు ప్రస్తుతం సంతోషముగా కనపడుట లేదు. అది ఉల్లంఘన."

రెడ్డెప్ప పక్కకు తప్పుకున్నాడు. జేసీబీ పళ్లు మొదటి సాలును కాయలతో సహా ఎత్తి అవతల పోశాయి. గంగులమ్మ దాని వెనకాలే పరిగెత్తి, మట్టిలో నుంచి పచ్చికాయలు ఏరి కొంగులో వేసుకుంది. డ్రైవరు ఇంజను ఆపి, ఆమె ఏరుకునేదాకా ఆగి, తనూ దిగి నాలుగు కాయలు ఏరి ఇచ్చాడు. ఈ మొత్తం పథకంలో బుద్ధితో నడిచింది ఆ జేసీబీ ఒక్కటే.

గుంట అయింది. అడుగున, పక్కలకు నున్నగా సిమెంటు పూశారు.

"సిమెంటు పూస్తే నీళ్లు భూమిలోకి ఎట్ల ఇంకుతాయి సార్?" అన్నాడు రెడ్డెప్ప. బోరుబావులతో దాదాపు నలభై ఏళ్లు గడిపినవాడికి ఆ మాత్రం అనుమానం వస్తుంది.

"ఇంకినచో నీరు కనపడదు. కనపడని నీటిని తనిఖీ చేయలేము. తనిఖీ చేయలేని నీరు అప్పగించినట్లు కాదు," అన్నాడు పద్మనాభం.

మంచి ముహూర్తం చూసి రెడ్డెప్ప మెళ్లో దండ వేసి, చేతికి బిందె ఇచ్చారు. నాలుగు బిందెల్లో కొలిచి తెచ్చిన యాభై ఏడు లీటర్ల రెండు వందల మిల్లీలీటర్లూ గుంటలో పోశాడు. అరవై వేల లీటర్ల గుంటలో ఆ నీళ్లు ఒక మూల పిల్లి తాగి పోయేంత మడుగు కట్టాయి. అందరూ చప్పట్లు కొట్టారు. విశాలాక్షి రసీదు ఇచ్చింది. జాడీ లక్క ముద్ర పగలగొట్టి, ఉన్న ఒరుగులన్నీ ఆ పొద్దే అతిథుల పప్పులో వేశారు. "అద్భుతమైన శుష్కత," అని పద్మనాభం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"సార్, నీళ్లు అప్పజెప్పినాను. ఇంగ నా నేల నాకు ఇడవండి," అన్నాడు రెడ్డెప్ప.

"గుంటలో నీరు ఉన్నంతకాలం గుంట ప్రభుత్వ ఆస్తి."

"నీళ్లు లేకపోతే?"

"నీరు ఎక్కడికి పోయినదో విచారణ జరుగును."

నడి ఎండాకాలం. సిమెంటు గుంట. నాలుగోరోజు మధ్యాహ్నానికి అడుగున తెల్లటి మరక తప్ప ఏమీ మిగల్లేదు.

తనిఖీకి వచ్చిన విశాలాక్షి కంచె పట్టుకుని చాలాసేపు ఆ మరకను చూసింది. తర్వాత తల తిప్పి, ఎంతో బాధగా, "మళ్లీ పంపించేశారా?" అంది.

రెడ్డెప్పకు వేలెత్తి పైకి చూపించే ఓపిక కూడా లేకపోయింది.

ఈసారి నోటీసు పొడుగ్గా లేదు. నివేదికలో ఉన్నదే మళ్లీ రాశారు. పర్యవేక్షణ లేనందువల్లనే నీరు ఆవిరవుతున్నది కనుక, గుంటకు పూర్తికాలపు కాపలా అవసరం. నాలుగు రోజులకొకసారి నీరు నింపుట లబ్ధిదారుని బాధ్యత. అది ఆకాశానికి పోకుండా చూచుట కాపలాదారుని బాధ్యత. కాపలాదారుకు గది కట్టుటకు పెరట్లో బోరు ఉన్న మూల స్థలం తీసుకొనబడును. గది పునాదికి అడ్డం వచ్చిన బోరు పూడ్చబడును. నీరు నింపుటకు వీధి కొళాయి వాడుకొనవచ్చును.

కాపలా ఉద్యోగానికి అనుభవమున్న స్థానికుడు కావాలన్నారు. ఎర్రకొత్తపల్లెలో శుష్కీకరణలో అనుభవమున్న స్థానికుడు ఒకడే ఉన్నాడు. ఆదివారం నాటికి గది లేచింది. సోమవారం దామోదరం కొత్త ఖాకీ చొక్కా, ఎర్ర టోపీ, మెళ్లో విజిల్‌తో దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మడుగు మీద ఎండ పడినప్పుడల్లా లేచి విజిల్ ఊదుతున్నాడు.

"బావా, కోపం పెట్టుకోవద్దు," అని కంచె లోపలి నుంచి కేకేశాడు. "పర్మనెంటు చేస్తామన్నారు. మన నేల మన ఇంట్లోనే ఉన్నట్టు అనుకో."

"ఆ విజిల్ తీసి నోట్లో పెట్టుకొని మింగు," అన్నాడు రెడ్డెప్ప.

ఆయన మోటారు షెడ్డు నుంచి టేపు తెచ్చుకున్నాడు. కంచె బయట నిలబడి, ఒక కొస గేటు కడ్డీకి తగిలించి, రెండో కొస పట్టుకుని గోడ వెంబడి చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ పోయి, చుట్టూ కొలిచాడు. గంగులమ్మ వెనక గుమ్మంలో కూర్చుని, అప్పుడు ఏరినవాటిలో కుళ్లకుండా మిగిలిన కాయలను పచ్చడికి కోస్తూ ఆయన్నే చూస్తోంది. మూడోసారి కొలిచి వస్తుంటే అడిగింది.

"ఎంత పాయె?"

రెడ్డెప్ప టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"గుంటకు రెండు వందల ముప్పై గజాలు. నీ తమ్ముని గదికి పన్నెండు. మొత్తం రెండు వందల నలభై రెండు గజాలు."

"అంటే ఎన్ని సెంట్లు?"

"అయిదు."